చిన్నపిల్లల్లో ఇనుము లోపపు రక్తహీనత: గుర్తించిన నాటి నుంచి నిల్వలు నిండేదాకా

ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతకు మందు ఎన్నో దశాబ్దాలుగా ఉంది, సరిగా వాడితే అది బాగా పనిచేస్తుంది. అయినప్పటికీ నెలల తరబడి సిరప్ తాగుతూ కూడా పాలిపోయిన ముఖాలతోనే ఉండిపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. ఎందుకని ఆరా తీస్తే చాలాసార్లు బయటపడేవి మూడు కారణాలు: మోతాదు బిడ్డ బరువుకు తగినట్టు లేకపోవడం, మందును పాలతో కలిపి పట్టడం, హిమోగ్లోబిన్ కాస్త పెరిగిందని తెలియగానే మందు ఆపేయడం. ఈ మూడూ ఇంట్లో సరిదిద్దుకోగలిగినవే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ మార్గదర్శి పిల్లల వైద్యుడికి ప్రత్యామ్నాయం కాదు. వైద్యుడు చెప్పినదాన్ని ఇంట్లో సక్రమంగా అమలు చేయడానికీ, ఆయన ముందు అడగవలసిన ప్రశ్నలు అడగడానికీ ఉపయోగపడాలన్నదే దీని ఉద్దేశం.

మొదటి అడుగు: మీ బిడ్డకు ముప్పు ఎంత ఉందో అంచనా వేయండి

కడుపులోని బిడ్డకు తల్లి నుంచి ఇనుము చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. నెలలు నిండి, తగిన బరువుతో పుట్టిన బిడ్డకు ఆ నిల్వ సుమారు 4 నుంచి 6 నెలల వరకు సరిపోతుంది. తల్లిపాలలోని ఇనుము బిడ్డ ఒంటికి బాగా పడుతుంది కానీ, దాని పరిమాణం లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఏడాది తిరిగేసరికి బిడ్డ బరువు పుట్టినప్పటికంటే దాదాపు మూడు రెట్లవుతుంది, దానికి తగ్గట్టు రక్తమూ పెరగాలి. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం 7 నుంచి 12 నెలల బిడ్డకు ఆహారం ద్వారా రోజుకు 11 మి.గ్రా. ఇనుము అందాలి, ఎదిగిన పురుషుడికి కావలసింది 8 మి.గ్రా. మాత్రమే. రెండు మూడు చెంచాల పలుచని జావతో ఈ అవసరం తీరదని ఈ అంకెలే చెబుతున్నాయి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకూ, కవలలకూ నిల్వలు మొదటే తక్కువగా ఉంటాయి. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి తీవ్రమైన రక్తహీనత ఉన్నా, కాన్పులో బొడ్డుతాడును వెంటనే కత్తిరించినా అదే పరిస్థితి. ఆరు నెలలు దాటినా ఘనాహారం మొదలుపెట్టని పిల్లలు, కేవలం ధాన్యపు జావల మీదే ఉండే పిల్లలు, తరచూ జబ్బు పడే పిల్లలు, కడుపులో పురుగులున్న పిల్లలు కూడా ఈ వరుసలోకే వస్తారు.

వీటన్నిటికంటే ఎక్కువగా ఏమరుపాటుకు గురయ్యేది పాల విషయం. ఏడాది లోపు బిడ్డకు ఆవు పాలు లేదా గేదె పాలు ప్రధాన ఆహారంగా పడితే అనేక విధాల నష్టం జరుగుతుంది. ఆ పాలలో ఇనుము అతి తక్కువ, ఉన్నదాంట్లోనూ ఒంటికి పట్టేది కొద్దిగానే. వాటిలోని కాల్షియమూ కొన్ని మాంసకృత్తులూ కలిసి తిన్న ఇతర ఆహారంలోని ఇనుమును కూడా పేగుల్లో అడ్డుకుంటాయి. కొందరు పసిపిల్లల్లో పేగు పొరల నుంచి కంటికి కనిపించనంత సన్నగా రక్తస్రావం కూడా జరుగుతుంది. ఏడాది దాటాక పాలు ఇవ్వవచ్చు గానీ, రోజుకు సుమారు అర లీటరు మించితే కడుపు నిండిపోయి బిడ్డ అన్నం ముట్టడు. ఇలాంటి పిల్లలు బొద్దుగా కనిపిస్తారు, బరువు పట్టికలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. అందుకే రోజంతా సీసాతో పాలు తాగే బొద్దు పిల్లవాడిలో రక్తహీనత ఉండవచ్చని ఎవరికీ తోచదు.

రెండో అడుగు: లక్షణాలను గమనించండి, కానీ వాటి కోసం ఎదురుచూడకండి

బిడ్డను పగటి వెలుతురులోకి తీసుకెళ్లి కంటి కింది రెప్పను మెల్లగా కిందికి లాగి చూడండి. లోపలి పొర ఎర్రగా కాకుండా తెల్లబారినట్టుంటే, అరచేతులు మీ అరచేతులతో పోలిస్తే పాలిపోయి ఉంటే అనుమానించాలి. చర్మపు రంగు ఏదైనా కంటి పొర, నాలుక, అరచేయి చూస్తే తేడా తెలుస్తుంది. అయితే స్వల్ప రక్తహీనత ఈ పరీక్షకు చిక్కదు కాబట్టి, కళ్లు ఎర్రగానే ఉన్నాయని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

ప్రవర్తనలో వచ్చే మార్పులు తరచుగా ముందు కనిపిస్తాయి. ఆకలి మందగించడం, కారణం లేని చిరాకు, ఆటల మధ్యలోనే అలసిపోయి కూర్చోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం, తరచూ జబ్బు పడడం వంటివి వాటిలో కొన్ని. మట్టి, సున్నం, సుద్ద, కాగితం, బియ్యపు గింజలు, మంచుగడ్డలు తినాలని తహతహలాడడం ఇనుము లోపానికి ముఖ్యమైన గుర్తు. దాన్ని చెడ్డ అలవాటుగా భావించి బిడ్డను కొట్టడం అన్యాయం. మట్టితో పాటు సీసం కూడా లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది, పైగా ఇనుము తక్కువగా ఉన్న ఒంట్లో సీసం మరింత ఎక్కువగా ఇంకుతుంది. కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోతారు. అలాంటి పిల్లల్లో ఇనుము పరీక్ష చేయించడం మంచిది, ఎందుకంటే లోపాన్ని సరిచేస్తే ఈ బిగబట్టడం చాలామందిలో తగ్గుతుంది.

ఇంత తొందరపడడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు మెదడులో ఉంది. మొదటి రెండేళ్లలో మెదడులోని నరాల తంతువులకు పైపొర ఏర్పడడానికీ, నరాల మధ్య సందేశాలు మోసే రసాయనాలు తయారవడానికీ ఇనుము కావాలి. పసితనంలో ఎక్కువకాలం రక్తహీనతతో ఉన్న పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో, హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా వారిలో కొందరు నేర్చుకోవడంలో, ఏకాగ్రతలో వెనకబడే ఉన్నట్టు తేలింది. అసలు హిమోగ్లోబిన్ తగ్గే నాటికే నిల్వలు ఖాళీ అయి ఉంటాయి. కాబట్టి ముప్పు ఉన్న బిడ్డకు లక్షణాలు లేకపోయినా 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి రక్తపరీక్ష చేయించమని వైద్యుడిని అడగడంలో తప్పులేదు.

బిడ్డ ఎగశ్వాసతో ఆయాసపడుతున్నా, పాలు తాగడం మానేసినా, మగతగా ఉన్నా, ఒళ్లు మరీ తెల్లగా పాలిపోయినా, మలంలో రక్తం కనిపించినా ఈ మార్గదర్శిని పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మూడో అడుగు: రక్తపరీక్ష నివేదికను చదవడం నేర్చుకోండి

నివేదిక చేతికి వచ్చాక ముందు చూడవలసింది హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రమాణాల ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో డెసిలీటరుకు 10.5 గ్రాముల కంటే, 2 నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టు లెక్క. అంతకుముందు ఈ రెండు వయసులకూ 11 గ్రాములే హద్దుగా ఉండేది, చాలా ప్రయోగశాలల నివేదికల్లో ఇప్పటికీ పాత హద్దు, కొన్నిసార్లు పెద్దల హద్దు కూడా అచ్చవుతుంటాయి. 7 గ్రాముల కంటే తక్కువైతే అది తీవ్ర రక్తహీనత.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే రక్తహీనత ఉందని తెలుస్తుంది కానీ, అది ఇనుము లోపం వల్లనేనా అన్నది తెలియదు. అందుకు ఎర్ర రక్తకణాల పరిమాణాన్ని తెలిపే ఎం.సి.వి., కణాల పరిమాణంలో తేడాను తెలిపే ఆర్.డి.డబ్ల్యు., ఎర్ర రక్తకణాల సంఖ్య కూడా చూడాలి. ఇనుము చాలనప్పుడు కణాలు చిన్నవవుతాయి, ఒకే పరిమాణంలో ఉండవు, వాటి సంఖ్యా తగ్గుతుంది. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు తలసేమియా. దాని జన్యువును తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే పొందిన పిల్లల్లో కూడా కణాలు చిన్నగానే ఉంటాయి, అయితే వాటి సంఖ్య మాత్రం సాధారణంగా తగ్గదు. ఎం.సి.వి.ని ఎర్ర కణాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె ఇక్కడ పనికొస్తుంది. ఉదాహరణకు ఎం.సి.వి. 62, కణాల సంఖ్య (నివేదికలో మిలియన్లలో ఇచ్చేది) 4.2 అయితే భాగఫలం దాదాపు 14.8. ఇది 13 కంటే ఎక్కువ కాబట్టి ఇనుము లోపం వైపు మొగ్గుతుంది. అదే 62కు కణాల సంఖ్య 5.6 ఉంటే భాగఫలం 11 దగ్గర ఆగుతుంది, అప్పుడు తలసేమియా పరీక్ష గురించి వైద్యుడితో మాట్లాడాలి. ఇది సూచన మాత్రమే; నిర్ధారణ కాదు.

నిల్వల సంగతి చెప్పేది ఫెరిటిన్. ఐదేళ్ల లోపు పిల్లల్లో లీటరుకు 12 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే నిల్వలు అడుగంటినట్టే. అయితే జ్వరం, దగ్గు, విరేచనాలు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతట అదే పెరుగుతుంది, అందువల్ల అలాంటి సమయంలో 30 వరకు ఉన్నా లోపంగానే పరిగణిస్తారు. వీలైతే బిడ్డ కోలుకున్నాక పరీక్ష చేయించడం మేలు. ఫెరిటిన్ పరీక్ష అందుబాటులో లేనిచోట, వయసూ ఆహారమూ చూసి వైద్యులు నేరుగా ఇనుము మందు మొదలుపెట్టి నాలుగు వారాల తర్వాత ఫలితం చూస్తారు. హిమోగ్లోబిన్ 1 గ్రాము పెరిగిందంటే ఆ పెరుగుదలే నిర్ధారణ.

నాలుగో అడుగు: మందు లెక్కను మీరే వేసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవడానికి సమయం ఉంటే ఇది చదవండి. మందు సీసా మీద రెండు రకాల అంకెలు కనిపించవచ్చు: లవణం (ఇనుము మరో పదార్థంతో కలిసి ఉన్న రూపం) బరువు, దానిలోని అసలు ఇనుము బరువు. చికిత్స లెక్క ఎప్పుడూ అసలు ఇనుము మీదే. ఫెర్రస్ సల్ఫేట్‌లో సుమారు 20 శాతం, ఫెర్రస్ ఫ్యుమరేట్‌లో 33 శాతం, ఫెర్రస్ గ్లూకొనేట్‌లో 12 శాతం అసలు ఇనుము ఉంటుంది. అంటే 150 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ ఇస్తే బిడ్డకు అందే ఇనుము 30 మి.గ్రా. మాత్రమే.

చికిత్సకు ఎక్కువగా వాడే మోతాదు కిలో బరువుకు రోజుకు 3 మి.గ్రా. అసలు ఇనుము, కొన్ని సందర్భాల్లో వైద్యులు 6 మి.గ్రా. వరకు సూచిస్తారు. పది కిలోల బిడ్డకు మొదటి లెక్కన 30 మి.గ్రా. కావాలి. సిరప్‌లో ప్రతి 5 మి.లీ.కి 30 మి.గ్రా. ఉంటే 5 మి.లీ. ఇస్తే సరిపోతుంది. అదే చుక్కల మందులో ప్రతి మి.లీ.కి 25 మి.గ్రా. ఉంటే ఇవ్వవలసింది 1.2 మి.లీ. మాత్రమే. సిరప్ అయిపోయి చుక్కల మందు తెచ్చుకున్నప్పుడు అలవాటు కొద్దీ 5 మి.లీ. పట్టేస్తే బిడ్డ కడుపులోకి 125 మి.గ్రా. వెళ్తుంది, అంటే కావలసినదానికి నాలుగింతలు. దీనికి విరుద్ధంగా చుక్కల మందుకు అలవాటుపడి సిరప్‌ను ఒక మి.లీ. పట్టేవారూ ఉన్నారు, ఆ బిడ్డకు 6 మి.గ్రా. అందుతుంది, రక్తం పెరగదు. సీసా మారిన ప్రతిసారీ పైనున్న చీటీ చదివి, లెక్క మళ్లీ వేసి, వైద్యుడు రాసినదానితో సరిచూసుకోవాలి. వంటింటి చెంచాల కొలతలు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి సూది లేని సిరంజితోనో, సీసాతో వచ్చే కొలత పాత్రతోనో మాత్రమే కొలవాలి.

తీవ్ర పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మొదటి రోజుల్లో ఇనుము ఇవ్వరు, ముందు అంటువ్యాధులను అదుపు చేసి బిడ్డ తేరుకున్నాకే మొదలుపెడతారు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మలేరియా నివారణ, చికిత్సల ఏర్పాటుతో పాటే ఇనుము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రెండు సందర్భాల్లో సొంత నిర్ణయం పనికిరాదు.

ఐదో అడుగు: ప్రతిరోజూ ఇచ్చే పద్ధతి

రోజు మోతాదునంతా ఒకేసారి ఇవ్వడం సులభం, చాలామందికి చాలు కూడా. ఇనుము మోతాదు లోపలికి వెళ్లగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, కొన్ని గంటలపాటు పేగుల్లో ఇనుము ఇంకడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి రోజుకు రెండు మూడు సార్లుగా విడగొట్టడం వల్ల అదనపు మేలు పెద్దగా ఉండదు. ఆహారానికి కనీసం అరగంట ముందు గానీ, తిన్న రెండు గంటల తర్వాత గానీ ఇస్తే బాగా పడుతుంది. కొద్దిగా నారింజ రసం వంటి విటమిన్ సి ఉన్న పానీయంతో ఇవ్వవచ్చు. పాలకూ మందుకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి, కాల్షియం మందులకూ అదే నియమం. చాలా ఇళ్లలో రాత్రి పడుకునే ముందు పాలు తప్పనిసరి కాబట్టి, మందును ఉదయానికి మార్చుకోవడమే మేలు.

సిరంజి కొనను బుగ్గ లోపలి వైపు, నాలుక వెనక భాగానికి దగ్గరగా పెట్టి కొద్దికొద్దిగా వదలండి. ముందు పళ్ల మీద పడితే నల్లని మరకలు ఏర్పడతాయి. అవి శాశ్వతం కాదు, అయినా మందు పట్టగానే కాస్త నీళ్లు తాగించి పళ్లు తోమితే రాకుండా ఉంటాయి. మందు పట్టాక మలం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో రావడం సహజమే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం వైద్యుడికి చూపాలి. కడుపు నొప్పి, వికారం, మలబద్ధకం వచ్చాయని మందు ఆపేయకండి. కొద్దిగా ఆహారంతో కలిపి ఇవ్వడం, మోతాదును తాత్కాలికంగా తగ్గించడం, మరో లవణానికి మారడం వంటి దారులు ఉన్నాయి, వాటిని వైద్యుడిని అడగండి.

ఇక్కడ ఒక హెచ్చరికను గట్టిగా చెప్పాలి. బిడ్డకు ప్రాణం పోసే ఇనుమే మోతాదు మించితే విషం. కిలో బరువుకు 20 మి.గ్రా. దాటితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, 60 మి.గ్రా. దాటితే ప్రాణాపాయం. పెద్దలు వాడే 60 మి.గ్రా. ఇనుము మాత్రలు పది మింగితే పది కిలోల బిడ్డ సరిగ్గా ఆ రెండో హద్దుకు చేరుతుంది. రంగు పూత ఉన్న ఆ మాత్రలు పిల్లల కంటికి మిఠాయిల్లా కనిపిస్తాయి. తల్లి మాత్రలైనా, బిడ్డ సిరప్ అయినా తాళం వేసిన చోటే ఉండాలి. బిడ్డ మింగినట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకండి. వాంతులు తగ్గి బిడ్డ తేరుకున్నట్టు కనిపించిన కొన్ని గంటల తర్వాత పరిస్థితి హఠాత్తుగా విషమించవచ్చు, కాబట్టి మాత్రల పట్టీతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరో అడుగు: పళ్లెంలో మార్పు

ఒకసారి రక్తహీనత వచ్చాక ఆహారం ఒక్కదానితో అది తగ్గదు, మందు కావలసిందే. మందు ఆపిన తర్వాత లోపం తిరిగి రాకుండా కాపాడేది మాత్రం ఆహారమే.

మాంసం, చేపలు, కాలేయంలోని ఇనుము శాకాహారంలోని ఇనుముకంటే ఎక్కువగా ఒంటికి పడుతుంది. పైగా కొద్దిపాటి మాంసం కలిసినా ఆ పూట తిన్న పప్పు, ఆకుకూరల్లోని ఇనుము కూడా మెరుగ్గా ఇంకుతుంది. పసిపిల్లలకు మాంసాన్ని మెత్తగా ఉడికించి, నూరి లేదా సన్నగా తరిగి పెట్టాలి. కాలేయంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి, కొద్దిగా చాలు. శాకాహార కుటుంబాలు పప్పులు, చిక్కుళ్లు, శనగలు, ఆకుకూరలు, ఇనుము కలిపిన పిల్లల ధాన్యాహారాలు వాడుతూ, అదే పూటలో జామ, నారింజ, టమాటా, నిమ్మరసం వంటివి తప్పక చేర్చాలి. గింజలనూ పప్పులనూ నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా వాటిలో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. పిల్లలకు టీ అలవాటు చేయడం ఏ రకంగానూ మంచిది కాదు, భోజనంతో పాటైతే మరీ నష్టం.

బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందన్న నమ్మకం బలంగా ఉంది. ఆ రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాముకు లోపే, దానిమ్మలో ఇంకా తక్కువ. అవి మంచి ఆహారమే, పెట్టండి. వాటి మీద నమ్మకంతో మందు మానడమే ప్రమాదం. పాలకూరలో ఇనుము చెప్పుకోదగ్గంత ఉన్నా అందులోని ఇతర పదార్థాలు దాన్ని బంధించి ఉంచుతాయి. ఇనుప మూకుడులో పుల్లటి కూరలు వండితే కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది, అదనపు సాయంగా అది మంచిదే.

పాల సీసా మాన్పించడం ఈ మొత్తంలో కష్టమైన పని. సీసా నుంచి గ్లాసుకు మార్చండి, పాలను భోజనం తర్వాతే ఇవ్వండి, రాత్రి నిద్ర మధ్యలో పాలు ఆపండి. మొదటి రోజుల్లో బిడ్డ ఏడుస్తాడు, అన్నం తినడు. ఆ ఏడుపుకు కరిగిపోకుండా నిలబడితే కొద్ది రోజుల్లో ఆకలి దానంతట అదే తిరిగి వస్తుంది.

ఏడో అడుగు: తిరిగి పరీక్ష, నిల్వలు నిండేదాకా మందు

మందు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు తగ్గి ఆకలి పుట్టడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. వారం, పది రోజుల్లో కొత్త ఎర్ర రక్తకణాలు విరివిగా పుడతాయి. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. ఈ పరీక్షను వాయిదా వేయకండి.

అది సాధారణ స్థాయికి చేరిన రోజున ఇంట్లో అందరికీ సంతోషం కలుగుతుంది, సరిగ్గా అప్పుడే మందు ఆగిపోతుంది. ఒంట్లోకి వచ్చిన ఇనుమును శరీరం ముందుగా రక్తం తయారీకే వాడుకుంటుంది కాబట్టి ఆ రోజుకు నిల్వలు ఇంకా నిండి ఉండవు. వాటిని నింపడానికి మరో రెండు మూడు నెలలు మందు కొనసాగాలి. మొత్తం చికిత్స సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఈలోగా బిడ్డ బరువు పెరుగుతుంది కాబట్టి ప్రతి సందర్శనలోనూ మోతాదు సరిచూడమని అడగండి. ఆపే ముందు ఫెరిటిన్ చూడడం, ఆపిన మూడు నెలలకు హిమోగ్లోబిన్ మరోసారి చూడడం మంచిది.

నాలుగు వారాలకూ పెరగకపోతే మోతాదు పెంచే ముందు వరుసగా ఆలోచించాలి. మందు నిజంగా రోజూ లోపలికి వెళ్తోందా, ఉమ్మేస్తున్నాడా, లెక్క సరిగా ఉందా, పాలు తగ్గాయా? ఇవన్నీ సవ్యంగా ఉంటే తలసేమియా, విటమిన్ బి12 లోపం, దీర్ఘకాలిక అంటువ్యాధులు, కొంకి పురుగులు, పేగుల్లో రక్తస్రావం, గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ వ్యాధి వంటివి వైద్యుడు పరిశీలిస్తాడు. నోటి ద్వారా ఇచ్చే మందు ఒంటికి పట్టని కొద్దిమందికి రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కిస్తారు. మందు తీసుకుంటూ కూడా మళ్లీ మళ్లీ హిమోగ్లోబిన్ పడిపోయే బిడ్డకు కారణం వెతక్కుండా మరో సీసా రాయించుకోవడం సరికాదు.

ఇంట్లో మిగతా పిల్లల కోసం

ఒక బిడ్డలో ఇనుము లోపం బయటపడితే, అదే వంట తింటున్న తోబుట్టువులనూ తల్లినీ కూడా పరీక్షించాలి. తల్లి మళ్లీ గర్భవతి అయితే మొదటి నెలల నుంచే ఆమె హిమోగ్లోబిన్ చూసి మందు వాడాలి, కాన్పులో బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించమని ముందే మాట్లాడుకోవాలి. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు, ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు ఇనుము ఉన్న ఘనాహారం మొదలుకావాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఆరు నెలల దాకా ఆగకూడదు. ఇనుము చుక్కలు ఏ వారం నుంచి, ఎంత మోతాదులో ఇవ్వాలో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజే అడిగి రాయించుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉన్న ప్రాంతాల్లో, పరీక్ష లేకుండానే ఏటా వరుసగా మూడు నెలలపాటు రోజూ ఇనుము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది: 6 నుంచి 23 నెలల పిల్లలకు 10 నుంచి 12.5 మి.గ్రా., 2 నుంచి 5 ఏళ్ల లోపు వారికి 30 మి.గ్రా. ఇది నివారణ మోతాదు. ఇప్పటికే రక్తహీనత ఉన్నట్టు తేలిన బిడ్డకు పైన చెప్పినట్టు బరువును బట్టి చికిత్స మోతాదు ఇవ్వాలి, రెండింటినీ కలిపి ఇవ్వకూడదు.